పూత వేయని బేస్ నెక్‌కు నూనె కన్నా ముందు కావలసినది

నా బేస్ గిటార్ నెక్ వెనుక, మూడో ఫ్రెట్‌కూ ఐదో ఫ్రెట్‌కూ నడుమ బొటనవేలు ఆనే చోట, వేలిముద్రంత బూడిదరంగు మచ్చ ఒకటి చాలాకాలం ఉండేది. నెక్ అంటే చేత్తో పట్టుకునే పొడవాటి మెడ భాగం, ఫ్రెట్‌లు దాని ముందు వైపు అడ్డంగా బిగించిన లోహపు తీగ ముక్కలు. ఆ నెక్ మేపుల్ అనే చెక్కతో చేసినది. లాకర్ గానీ వార్నిష్ గానీ ఏ పూతా వేయకుండా, సన్నని శాండ్‌పేపర్‌తో నునుపు చేసి వదిలేసిన ఒట్టి చెక్కగానే దాన్ని కొన్నాను. నిగనిగలాడే పూత ఉన్న నెక్‌ల మీద చేయి కాస్త చెమర్చగానే బొటనవేలు అతుక్కున్నట్టు ఆగిపోవడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. ఒట్టి మేపుల్ మీద చేయి మొదటి ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఏ అడ్డూ లేకుండా వెళ్ళిపోతుంది. ఆ స్పర్శకు ఒకసారి అలవాటు పడ్డాక మళ్ళీ పూత ఉన్న నెక్ పట్టుకోవాలని నాకు అనిపించలేదు.

మచ్చ కనిపించినప్పుడు నేను అడిగినవాళ్ళందరూ దాదాపు ఒకే మాట చెప్పారు: చెక్క ఎండిపోతోంది, నూనె పట్టించు. ఆ మాట సగమే నిజమని అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నరికి, ఆరబెట్టి, నెక్‌గా మలచిన చెక్కకు ఆకలీ దాహమూ ఉండవు, కాబట్టి నూనె దానికి పోషణ అవుతుందనుకోవడం పొరపాటు. పూత లేని నెక్‌కు ఉన్న చిక్కులు రెండే. ఒకటి గాలిలోని తేమ, రెండోది చేతి మురికి. నూనె రెండోదానికి బాగా పనిచేస్తుంది. మొదటిదానికి చాలా కొద్దిగా మాత్రమే పనిచేస్తుంది. ఈ తేడా తెలియకపోతే నూనె మీద నూనె పూస్తూ, అసలు చూడవలసిన దాన్ని చూడకుండా వదిలేస్తాం.

తేమ సంగతి ముందు చెప్పాలి. చెక్క తన చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. సుమారు 21 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో సాపేక్ష ఆర్ద్రత 30 శాతం ఉంటే చెక్కలోని తేమ కొంతకాలానికి 6 శాతం దగ్గర కుదురుకుంటుంది. ఆర్ద్రత 50 శాతమైతే 9 శాతం దగ్గర, 70 శాతమైతే 13 శాతం దగ్గర కుదురుకుంటుంది. ఆ తేమ పెరిగినప్పుడు చెక్క ఉబ్బుతుంది, తగ్గినప్పుడు ముడుచుకుంటుంది, అయితే అన్ని దిక్కులా ఒకేలా కాదు. గిటార్ నెక్‌లకు ఎక్కువగా వాడే షుగర్ మేపుల్ పచ్చి దశ నుంచి పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి దాదాపు 9.9 శాతం, వలయాలకు అడ్డంగా 4.8 శాతం కుంచించుకుపోతుంది. పొడవునా మాత్రం ఆ మార్పు 0.1 నుంచి 0.2 శాతం దగ్గరే ఆగిపోతుంది. వలయాలు వెడల్పుకు సమాంతరంగా ఉండేలా కోసిన నెక్ హీల్ దగ్గర, అంటే బాడీకి కలిసే చివర, 62 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే, ఆర్ద్రత 40 నుంచి 60 శాతానికి పెరిగి చెక్క పూర్తిగా దానికి సర్దుకున్నాక, లెక్క ప్రకారం ఆ వెడల్పు సుమారు 0.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఫ్రెట్ తీగ లోహం కాబట్టి అది చెక్కతో పాటు పెరగదు, తరగదు. పొడి వాతావరణంలో ఫ్రెట్ చివరలు నెక్ అంచు దాటి వేళ్ళకు గీసుకోవడానికి కారణం ఇదే.

పొడవు దాదాపు మారనప్పుడు నెక్ ఎందుకు వంగుతుందని నేను చాలా రోజులు ఆలోచించాను. నెక్ ముందు భాగం మీద ఫ్రెట్‌లు దిగిన పలక, ఫ్రెట్‌బోర్డ్, అతికించి ఉంటుంది, అది చాలాసార్లు వేరే జాతి చెక్క. వెనుక భాగం గాలికి నేరుగా తెరుచుకుని ఉంటుంది. రెండు వైపులా తేమ ఒకే వేగంతో లోపలికి వెళ్ళదు, రెండు చెక్కలూ ఒకే కొలతలో ఉబ్బవు. 34 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు), అంటే సుమారు 864 మిల్లీమీటర్లు ఉన్న బేస్‌లో ముందు భాగానికీ వెనుక భాగానికీ వెంట్రుకవాసి తేడా వచ్చినా నడుమ వంపుగా కనబడుతుంది. దానికి తోడు నాలుగు తీగలూ కలిసి 70 నుంచి 85 కిలోల బరువుకు సమానమైన లాగుడుతో నెక్‌ను ముందుకు వంచుతూ ఉంటాయి. ఆ లాగుడుకు ఎదురు నిలబడేది నెక్ లోపల పొడవునా ఉండే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్. సర్దుబాటు చేసుకోగల ట్రస్ రాడ్‌కు గిటార్లు చేసే గిబ్సన్ సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరిట 1923లో పేటెంట్ వచ్చింది. పూత ఉన్నా లేకపోయినా బేస్ నెక్‌కు ఆ రాడ్డే వెన్నెముక.

నూనె తేమను ఆపుతుందో లేదో స్వయంగా చూడాలని ఒక చిన్న ప్రయత్నం చేశాను. ఒకే మేపుల్ పలక నుంచి కోసిన మూడు ముక్కలు తీసుకుని, ఒకదాన్ని ఒట్టిగా ఉంచి, రెండోదానికి అవిసె నూనె మూడు పూతలు పట్టించి బాగా ఆరనిచ్చి, మూడోదానికి అన్ని వైపులా వార్నిష్ వేశాను. గ్రాము వరకు చూపే త్రాసు మీద మూడింటినీ తూచి, బరువు పెన్సిల్‌తో వాటి మీదే రాసి, గాలి బాగా చెమ్మగిల్లిన రోజుల్లో మళ్ళీ మళ్ళీ తూచాను. ఒట్టి ముక్క ముందుగా బరువెక్కింది. నూనె పట్టించిన ముక్క ఒకటి రెండు రోజులు వెనకబడి, ఆ తర్వాత దాదాపు అంతే బరువెక్కింది. వార్నిష్ ముక్క చాలా నెమ్మదిగా పెరిగింది, కానీ అదీ పెరగకుండా ఆగలేదు. నూనె, మైనం నీటి చుక్కను కాసేపు నిలువరించగలవు. ఆవిరి రూపంలో వచ్చే తేమకు అవి పెద్ద అడ్డు కావు. చెక్క మీద పొరలా నిలబడే లాకర్, పాలీయురిథేన్ ఆ రాకపోకలను బాగా నెమ్మదింపజేస్తాయే గాని, పూర్తిగా ఆపలేవు. మేపుల్ నెక్‌కు గట్టి పూత వేస్తేనే హామీ వర్తిస్తుందని కొందరు తయారీదారులు షరతు పెట్టేది ఇందుకే, అది అన్యాయమైన షరతని నేను అనను.

కాబట్టి పూత లేని నెక్ సంరక్షణలో మొదటి వస్తువు తేమను కొలిచే హైగ్రోమీటర్. బేస్ ఉండే గదిలోనో, పెట్టెలోనో దాన్ని ఉంచి, ఆర్ద్రత 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోగలిగితే చేయవలసిన పనిలో సగానికి పైగా అయిపోయినట్టే. అంత ఖచ్చితంగా నిలపడం వీలు కాకపోయినా, హఠాత్తు మార్పులను తప్పించడం ఎవరికైనా సాధ్యమే. ఏసీ గాలి సూటిగా తగిలే గోడకు బేస్‌ను వేలాడదీయకూడదు, కిటికీలోంచి ఎండ పడే చోట నిలబెట్టకూడదు, వాయించడం అయ్యాక పెట్టెలో పెట్టాలి. పెట్టె లోపలి గాలి బయటి గాలి కన్నా నెమ్మదిగా మారుతుంది. నెక్‌కు కావలసింది ఆ నెమ్మదే. బేస్‌ను కొన్ని వారాలు పక్కన పెట్టవలసి వచ్చినా నేను తీగలు వదులు చేయను, ఎందుకంటే ట్రస్ రాడ్ బిగువు, తీగల లాగుడు ఒకదానికొకటి సరితూగేలా నెక్‌ను సర్ది ఉంచుతాం, అందులో ఒకదాన్ని తీసేస్తే రెండోది నెక్‌ను తన వైపు వంచుతుంది.

వంపును చూడడానికి ప్రత్యేకమైన పనిముట్లు అక్కర్లేదు. మొదటి ఫ్రెట్ దగ్గర తీగను ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఉన్న సందు చూస్తే చాలు. నా నెక్‌కు ఆ సందు 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నప్పుడు వాయింపు హాయిగా ఉంటుంది. దాన్ని వారానికి ఒకసారి చూసి, హైగ్రోమీటర్ అంకెతో పాటు ఒక పుస్తకంలో రాసుకుంటాను. ఒక ఏడాది గడిచేసరికి నా నెక్ ఏ తేమకు ఎటు కదులుతుందో నాకు తెలిసింది. ఈ విషయంలో రెండు నెక్‌లు ఒకేలా ప్రవర్తించవు, కాబట్టి ఎవరి నెక్ లెక్క వారే రాసుకోవాలి. సందు మారిన ప్రతిసారీ ట్రస్ రాడ్ తిప్పడం నేను మానేశాను. మార్పు రెండు వారాలు నిలిచి ఉంటేనే నట్టును ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, మర్నాటి దాకా ఆగి మళ్ళీ చూస్తాను.

ఇక మురికి విషయానికి వస్తే, మేపుల్ లేతరంగు చెక్క కనుక దానిలో చేరిన చెమట, చర్మపు జిడ్డు, తీగల నుంచి రాలే లోహపు నుసి అన్నీ కంటికి కనబడతాయి. 1951లో ఫెండర్ గిటార్ల సంస్థ స్థాపకుడు లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు ఒకే ముక్క మేపుల్ నెక్, దాని మీద లాకర్ ఉండేవి. ఆ లాకర్ అరిగిన చోట ఫ్రెట్‌బోర్డ్ నల్లబారిపోయేది. ఆ సంస్థ 1958లో జాజ్‌మాస్టర్ గిటార్‌తో మొదలుపెట్టి, 1959 కల్లా ప్రెసిషన్ బేస్‌కు కూడా రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్ వేయడానికి చెప్పుకునే కారణాల్లో ఈ అరుగుదల మచ్చలు ముఖ్యమైనవి. పూత ఉన్న నెక్‌కే ఆ గతి పట్టినప్పుడు, ఏ పూతా లేని నెక్ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే మేపుల్ నెక్ వెనుక భాగాన్ని నూనెతోనో మైనంతోనో వదిలినా, అదే చెక్కతో చేసిన ఫ్రెట్‌బోర్డ్‌ను మాత్రం పూత లేకుండా వాడవద్దని నా గట్టి అభిప్రాయం. తీగలు, వేలికొసలు కలిసి చెక్క ఈనెల్లోకి నూరే మురికిని ఫ్రెట్‌ల మధ్య నుంచి తీయడం చాలా కష్టం.

అన్ని చెక్కలకూ ఇంత భయం అక్కర్లేదు. వెంగే, ఎబొనీ, రోజ్‌వుడ్ లాంటి దట్టమైన, ముదురు రంగు చెక్కలు మేపుల్ కన్నా మురికిని బాగా ఓర్చుకుంటాయి. వార్విక్ సంస్థ తన బేస్‌లలో వెంగే నెక్‌లను గట్టి పూత లేకుండా వాడి, తేనెమైనంతో తుడుచుకోమని చెప్పడం చాలామందికి తెలిసినదే. మేపుల్‌తోనే చేసినా మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే బేస్ నెక్ వెనుక భాగానికి తుపాకి మడమలకు పట్టించే నూనె, దాని మీద చేత్తో రుద్దిన మైనం వాడుతూ వచ్చారు. చేతికి ఒట్టి చెక్కలాగే అనిపిస్తూ మురికిని లోపలికి పోనివ్వని ఏర్పాటు అది, నేను చివరికి చేరుకున్నదీ అక్కడికే.

అయితే మొదటిసారి నేను చేసిన పని నెక్‌ను దాదాపు పాడుచేసింది. చెక్క తాగినంత పట్టించాలన్న మాట నమ్మి, ముడి అవిసె నూనెను గుడ్డతో ధారాళంగా పూసి, తుడవకుండా రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే చూస్తే నెక్ మీద జిగురు పొర నిలబడి ఉంది. మూడు వారాలు గడిచినా అది ఆరలేదు. పట్టుకుంటే అరచేతి గీతలు దాని మీద అచ్చుపడేవి, గాలిలోని ప్రతి నూగు దానికి అంటుకునేది. ముడి అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది, మందంగా పూస్తే పైపొర తోలు కట్టి లోపలిది మెత్తగానే మిగిలిపోతుంది. చివరికి కిటికీలన్నీ తెరిచి, మంట దరిదాపుల్లో లేకుండా చూసుకుని, నాఫ్తా అనే పెట్రోలియం ద్రావకంలో తడిపిన గుడ్డతో చాలాసేపు రుద్ది ఆ పొరను తీయవలసి వచ్చింది. బాయిల్డ్ లిన్‌సీడ్ పేరుతో దొరికేది త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలిపిన అవిసె నూనె; టంగ్ ఆయిల్ నీటిని ఇంకాస్త బాగా తట్టుకుంటుంది. ఈ రెండింటిలో ఏదైనా పనికి వస్తుంది. వంట నూనెల్లో చాలావరకు ఎప్పటికీ గట్టిపడవు, చెక్కలో ఉండిపోయి ముక్కిపోతాయి. లెమన్ ఆయిల్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు మినరల్ ఆయిలే ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు రోజ్‌వుడ్, ఎబొనీ ఫ్రెట్‌బోర్డ్‌లను తుడవడానికి అది సరిపోతుంది గాని, మేపుల్ మీద అది ఆరని జిడ్డుగానే మిగులుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఆ నూనెతో తడిసిన గుడ్డను ఉండ చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక పేరుకుని, ఏ నిప్పూ తగలకుండానే గుడ్డ తనంతట తాను అంటుకోగలదు. పని పూర్తి కాగానే గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి కరకరలాడేదాకా ఆరనివ్వాలి, లేకపోతే నీళ్ళు నింపిన మూత ఉన్న లోహపు డబ్బాలో ముంచి ఉంచాలి. గిటార్ పని చిన్నదే కదా, గుడ్డ అరచేయంతే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. తీగలు విప్పి, వీలైతే నెక్‌ను బాడీ నుంచి వేరు చేస్తాను. వేరు చేయకపోతే తీగల కదలికను పట్టే అయస్కాంతపు పికప్‌ల మీద మాస్కింగ్ టేప్ అంటిస్తాను, ఎందుకంటే సన్నని ఉక్కు పీచైన స్టీల్ ఊల్ వాడితే దాని నుసి అయస్కాంతాలకు అంటుకుని మళ్ళీ రాదు. ఫ్రెట్‌బోర్డ్ అంచు వెంట కూడా టేప్ వేస్తాను. మురికి మచ్చను ముందు నాఫ్తా గుడ్డతో తుడుస్తాను, జిడ్డు చాలావరకు దానితోనే వచ్చేస్తుంది. ఆ తర్వాత నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో నెక్ వెనుక ఒక్కసారి తుడిస్తే, ఆరేకొద్దీ చెక్క మీద సన్నని నూగు లేస్తుంది. చేత్తో నిమిరితే పిల్లి నాలుకలా గరుకుగా తగులుతుంది. ఆ నూగును 400 నంబరు ఉప్పు కాగితంతో, ఈనెల వెంబడి పొడవునా, బరువు వేయకుండా తీసేయాలి. అడ్డంగా రుద్దితే పడే గీతలు నూనె పట్టాక స్పష్టంగా కనిపిస్తాయి. తడపడం, ఆరనివ్వడం, రుద్దడం రెండుసార్లు చేస్తే, మూడోసారి తడిపినప్పుడు నూగు దాదాపు లేవదు. తర్వాత చేతి చెమట తగిలినా గరుకు తేలకుండా ఉండడానికి ఈ పనే కారణం. తొందరపడి దీన్ని వదిలేసినవారు నెలకోసారి శాండ్‌పేపర్ పడుతూనే ఉంటారు, అలా పట్టిన ప్రతిసారీ కొంత చెక్క పోతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ నెక్ ఆకారమే మారిపోతుంది.

నూనెను గుడ్డ కొసకు కొన్ని చుక్కలు మాత్రమే తీసుకుని పలచగా పూసి, పది పదిహేను నిమిషాల తర్వాత పొడి గుడ్డతో చేతికి ఏమీ అంటనంతగా తుడిచేస్తాను. ఒక రోజు, గాలి చెమ్మగా ఉంటే రెండు రోజులు ఆగి రెండో పూత, ఆ తర్వాత మూడోది వేస్తాను. అంతకు మించి అవసరం రాలేదు. అందరూ మరచిపోయే చోటు చెక్క అడ్డుకోత కనబడే కొసలు. తీగలు బిగించే మరలుండే హెడ్‌స్టాక్ పై అంచు, ఆ మరల (ట్యూనర్ల) రంధ్రాల లోపలి వైపు, హీల్ చివర, ఈ చోట్ల ఈనెల నోళ్ళు తెరుచుకుని ఉంటాయి కాబట్టి తేమ మిగతా చెక్క కన్నా ఎన్నో రెట్లు వేగంగా లోపలికి పోతుంది. చేతికి తగలని భాగాలు కనుక హెడ్‌స్టాక్ అంచుకూ హీల్ చివరకూ నేను నూనెకు బదులు పలచని వార్నిష్ వేశాను. హీల్ పక్క గోడలకు మాత్రం మందంగా వేయకూడదు, నెక్ కూర్చునే బాడీ గాడిలో (నెక్ పాకెట్‌లో) అది బిగుసుకుంటుంది. చివరి నూనె పూత పూర్తిగా ఆరాక కొంచెం తేనెమైనం రుద్ది, మెత్తని గుడ్డతో మెరుగు పెడతాను. మైనం పల్చగా ఉన్నంతసేపే చేయి జారుతుంది, ఎక్కువైతే పూత ఉన్న నెక్ కన్నా ఎక్కువగా అతుక్కుంటుంది.

రోజూ చేసేది ఇంతకన్నా చిన్న పని. చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక బేస్ పట్టుకుంటాను. వాయించడం అయిపోగానే నెక్ వెనుక భాగాన్ని పొడి నూలు గుడ్డతో పై నుంచి కింది దాకా తుడుస్తాను, ఎందుకంటే చెమటలోని ఉప్పు, జిడ్డు అప్పటికింకా పైపైనే ఉంటాయి. మర్నాటికి వదిలేస్తే ఈనెల్లోకి దిగిపోతాయి. నూనె మళ్ళీ పట్టించవలసిన సమయం క్యాలెండర్ చూసి నిర్ణయించను. తడివేలితో నెక్ వెనుక తాకి చూస్తాను. చుక్క ముత్యంలా నిలబడితే ఇంకా అవసరం లేదు, చెక్క వెంటనే నల్లబడి తడిని పీల్చుకుంటే ఒక పలచని పూత వేయాలి. నాకు ఇది ఏడాదికి ఒకసారి వస్తోంది. చేతులు బాగా చెమర్చేవారికి ఇంకా త్వరగా రావచ్చు. ఏడాదికి నాలుగైదుసార్లు వస్తోందంటే, లేదా తేమ రోజురోజుకూ విపరీతంగా మారే చోట బేస్ ఉండాలంటే, నెక్‌కు మెరుపు తగ్గించిన పలచని పాలీయురిథేన్ పూత వేయించుకోమనే నేను చెబుతాను. బాగా ఆరాక సన్నని స్టీల్ ఊల్‌తో రుద్దితే అది కూడా చేతికి దాదాపు ఒట్టి చెక్కలాగే తగులుతుంది.

నా నెక్ మీది బూడిద మచ్చ నాఫ్తాతో చాలావరకు పోయింది, మిగిలిన నీడను తీయాలంటే చెక్కను ఇంకా అరగదీయాలి కాబట్టి అలాగే వదిలేశాను. దాని చుట్టూ ఉన్న మేపుల్ అవిసె నూనె వల్ల లేత తేనెరంగుకు తిరిగింది. నిన్న రాత్రి చూసినప్పుడు హైగ్రోమీటర్ 52 దగ్గర ఉంది, ఏడో ఫ్రెట్ దగ్గర సందు మారలేదు, ఫ్రెట్ చివరల మీద వేలు నడిపితే ఎక్కడా గీసుకోలేదు. పుస్తకంలో రాసి, తుడిచి, పెట్టె మూత వేశాను.